కోడి రెక్క, ఫోటో, నేలపట్టు టవర్: పక్షి బొమ్మకు ఏది ముందు పెట్టుకోవాలి

నేను వేసిన గూడబాతుకు (పెలికాన్) మోచేయి లేదని చెప్పింది బొమ్మలేసేవాళ్లెవరూ కాదు. పులికాట్‌లో చేపలు పట్టే ఒక పెద్దాయన. గోడ మీద రంగు ఇంకా ఆరలేదు. రెక్కలు బారజాపుకుని ఎగురుతున్న పెద్ద పక్షి, నాకు రెండు వారాల పని. ఆయన బీడీ ఆర్పి, కాసేపు తేరిపార చూసి, "బాగుండాది అబ్బయా. అయితే ఇది వాలినాక రెక్క యాడ పెట్టుకుంటది?" అన్నాడు. నాకు వెంటనే తట్టలేదు. తట్టాక బ్రష్ కడిగి పక్కన పెట్టేశాను. నేను వేసింది మడతపడే రెక్క కాదు, భుజానికి తగిలించిన చాప.

ఫోటో చూసి వేసిన బొమ్మ అది. మంచి ఫోటోనే. రెక్క పూర్తిగా విప్పినప్పుడు మోచేయి, మణికట్టు రెండూ ఇంచుమించు ఒకే వరసలోకి వస్తాయి, వాటి మీద చిన్న ఈకలు దుప్పటిలా కప్పేస్తాయి. కంటికి కనబడనిది చేతికి రాలేదు.

అప్పట్నుంచి దొరికినవన్నీ వాడి చూశాను. కోడి అంగడి, ఎముకల పటాలు, ఫోన్ వీడియోలు, త్రీడీ మోడళ్లు, మ్యూజియం అద్దాల పెట్టెలు, నేలపట్టు పక్షుల కేంద్రంలో టవర్ ఎక్కి కూర్చోవడం. ప్రతిదీ ఒకటి చూపిస్తుంది, ఇంకోటి దాస్తుంది. అందుకే "పక్షి బొమ్మలకు ఏ రెఫరెన్స్ మంచిది?" అని ఎవరైనా అడిగితే, ముందు మీ పాత బొమ్మలు నాలుగు తెచ్చి చూపించమంటాను. తప్పు ఎక్కడుందో తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో అదే తేలిపోతుంది.

ఆదివారం కోడి

మీ బొమ్మల్లో రెక్క ఒంటికి అతికించినట్టు ఉంటే, మడిచిన రెక్క వేయాల్సి వస్తే చెయ్యి ఆగిపోతుంటే, పైసా ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఆదివారం కోడి అంగడికి వెళ్లి రెండు రెక్కలు స్కిన్‌తో, చివర కొయ్యకుండా ఇమ్మనండి. చివరి ముక్క మామూలుగా పారేస్తారు, ముందే చెప్పాలి. నాటుకోడి కోసే చోట అయితే ఇంకా మేలు. నీళ్లలో ముంచకముందే అడిగితే ఈకలతో సహా రెక్క దొరుకుతుంది. ఎందుకని అడుగుతారు. బొమ్మలకని చెప్తే ఒక చూపు చూసి ఇస్తారు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి విప్పండి, మడవండి. పదిసార్లు చేయండి. మీ చేతినీ పక్కనే పెట్టుకోండి. భుజం నుంచి మోచేయి దాకా ఒకే ఎముక. మోచేయి నుంచి మణికట్టు దాకా రెండు, మీ ముంజేతిలో ఉన్నట్టే. ఆ తర్వాత అరచెయ్యి ఎముకలు అతుక్కుపోయి ఒకే కడ్డీలా, చివర మూడు వేళ్ల ఆనవాళ్లు. బొటనవేలు ఇంకా విడిగానే ఉంటుంది, గోటితో లేపి చూడండి. బతికున్న పక్షి వాలేటప్పుడు, వేగం తగ్గించేటప్పుడు ఆ బొటనవేలి దగ్గర చిన్న ఈకల గుత్తి పైకి లేస్తుంది. దాన్ని బొమ్మలో పెట్టేవాళ్లు తక్కువ. పెట్టిన బొమ్మ మాత్రం వెంటనే నిజం పక్షిలా కనబడుతుంది.

ఇంకో సంగతి చేత్తో పట్టుకుంటే తప్ప తెలియదు. మోచేయి చాపితే మణికట్టు దానంతటదే చాపుకుంటుంది, మోచేయి మడిస్తే అదీ మడుచుకుంటుంది. ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదాని పక్కన ఒకటి జారుతూ ఆ పని చేస్తాయి. కాబట్టి మోచేయి బాగా ముడుచుకుని ఉండి, మణికట్టు మాత్రం పూర్తిగా చాపుకున్న రెక్క ఎక్కడా ఉండదు. నా పాత నోట్‌బుక్కుల నిండా అలాంటివే.

భుజానికీ మణికట్టుకూ మధ్య, ముందు అంచున, చర్మం మడత ఒకటి తెరచాపలా సాగుతుంది. వేయించినప్పుడు కరకరలాడే ముక్క అదే. ఎగిరే పక్షికి రెక్క ముందు అంచు మోచేయి దగ్గర లోపలికి పోకుండా దాదాపు తిన్నగా కనబడేది దీనివల్లే. మోచేయి ఈ చర్మం వెనకాల దాక్కుంటుంది. నా గూడబాతుకు మోచేయి పోయింది కూడా ఇక్కడే.

చివరికి ఉడకబెట్టి మాంసం తీసేసి, ఎముకల్ని అట్ట మీద వరసగా అంటించుకోండి. ముంజేతి ఎముకల్లో లావుదాన్ని వేలితో తడిమితే చిన్న చిన్న బుడిపెలు తగలొచ్చు. లోపలి వరస పెద్ద ఈకలు ఆ ఎముకకే పట్టుకుని ఉంటాయి. బయటి వరసవి చేతి ఎముకలకు. కోడికి బయటి వరసలో పది. మిగతా పక్షుల్లో ఎక్కువ వాటికి తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య ఉంటాయి. పదిహేను, ఇరవై వేసేసి రెక్కను విసనకర్ర చేయకండి.

రొమ్ము ముక్క తెచ్చుకుంటే దాని అడుగున ఎముకకు ఆనుకుని మెత్తటి కండ పొడుగ్గా విడిగా వస్తుంది, చూడండి. రెక్కను పైకి లేపే కండ అది. దాని నరం భుజం మీదుగా గిలక మీద తాడులా తిరిగి ఎముకకు పైనుంచి అంటుకుంటుంది. రెక్కను కిందకు కొట్టే కండా, పైకి లేపే కండా రెండూ రొమ్ములోనే ఉన్నాయన్నమాట. అందుకే పక్షికి వీపు పల్చగా, రొమ్ము బరువుగా ఉంటుంది. వీపు మీద కండలు పెట్టామా, అది పక్షి వేషం వేసిన పహిల్వాన్.

లెగ్ పీస్‌నూ వదలొద్దు. మనం కొరికి తినేది పిక్క. దాని కింది కీలు చీలమండ. అంగట్లో నరికి పారేసే పొలుసుల కాలు నిజానికి పాదం ఎముకే. పులికాట్ ఫ్లెమింగో మోకాలు వెనక్కి వంగుతుందని మనమంతా అనుకునేది ఆ చీలమండను చూసే. అసలు మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది, ముందుకే వంగుతుంది.

ఇక కోడి చెప్పే అబద్ధం. బ్రాయిలర్ కోడి మాంసం కోసం పెంచిన జాతి, దాని రొమ్ము కొలత ఏ ఎగిరే పక్షికీ పనికిరాదు. నాటుకోడి కాస్త నయం గానీ దానివీ పొట్టి, వెడల్పు రెక్కలే, ఒక్కసారి ఎగిరి గోడెక్కడానికి సరిపోయేవి. గూడబాతుకు భుజం, ముంజేయి ఎముకలు బారెడు. అంబరాన తిరిగే ఆకాశ పిచ్చుకలకు (స్విఫ్ట్‌లు) అవి పొట్టి, చెయ్యి భాగం పొడుగు. కీళ్లెక్కడ ఉంటాయో కోడిని అడగండి, ఎంత పొడుగో మాత్రం అడగొద్దు.

ఒక హెచ్చరిక. చెరువు గట్టున చచ్చిపడి ఉన్న కొంగనో, నీటికాకినో తెచ్చుకుని గీద్దామని అనిపిస్తుంది. తాకొద్దు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. పైగా అడవి పక్షుల్ని, వాటి భాగాల్ని ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చిక్కు. అంగడి కోడిని తాకినా సబ్బుతో చేతులు కడుక్కోండి, బల్ల కూడా తుడవండి. మా ఇంట్లో బల్ల తుడవనందుకు ఒక నెల కోడి బంద్ అయింది.

పటాలు

ఎముకల పటం, కండల పటం, ఈకల పటం అని మూడు రకాలు దొరుకుతాయి. మూడూ ఉన్న పుస్తకం దొరికితే మంచిదే, ఒక్కటే అంటే నేను ఈకల పటం తీసుకుంటాను. కండల పటాలు చూడ్డానికి గొప్పగా ఉంటాయి, రక్తం ఎరుపు, నరాలు తెలుపు. అయితే మనిషి ఒంటి మీద కండ బయటికి కనబడుతుంది, పక్షి ఒంటి మీద కనబడదు. పైన ఈకల గుంపులు కప్పేస్తాయి. బయటికి కనబడే ఆకారాలన్నీ ఆ గుంపులవే. రొమ్ము మీదదొకటి, పక్కటెముకల మీదదొకటి, భుజం మీదదొకటి, వీపు మీదదొకటి. ఇవి తెలిస్తే ఒక్కో ఈకా గీయక్కర్లేదు, గుంపు అంచు గీస్తే చాలు.

మడిచిన రెక్కలో ఒంటికి దగ్గరగా ఉన్న ఈక అన్నిటికన్నా పైన ఉంటుంది, బయటి ఈకలు దాని కిందికి జారతాయి. పేకముక్కలు సర్దినట్టు. ఈ ఒక్క వరస తిరగేస్తే చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందంటారు.

ఎముకల పటం కొనేటప్పుడు ఒకటే చూడండి. ఎముకల చుట్టూ ఈకల గీత కూడా పలచగా వేసి ఉందా? లేకపోతే వదిలేయండి. ఉత్త అస్థిపంజరంలో మెడ చూస్తే ఇదేం పక్షిరా అనిపిస్తుంది. మనకు మెడలో ఏడే ఎముకలు, జిరాఫీకీ ఏడే. కోడికి పద్నాలుగు దాకా, ఫ్లెమింగోకు 19. పావురం మెడ పొట్టిగా కనబడుతుంది గానీ లోపల అది కూడా ఎస్ ఆకారంలోనే వంగి ఉంటుంది. ఆ వంపు ఈకల గీతతో కలిపి చూస్తేనే పనికొస్తుంది.

ఫోటో, వీడియో

ఫోటోను తిడుతున్నానని అనుకోకండి. రంగుకీ, ముక్కు వివరానికీ, కంటి చుట్టూ చర్మానికీ దాన్ని మించింది లేదు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలి ఉంటుంది, అది ఎంత సందో ఫోటోయే చెప్పాలి. ఇబ్బంది ఏమిటంటే పక్షి ఫోటోలన్నీ దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసినవి. ఆ లెన్సు దూరాలను అణిచేస్తుంది. మనవైపు వస్తున్న రెక్క, వెనక ఉన్న రెక్క ఒకే సైజులో పడతాయి. అదే కొలతతో గోడ మీద పెద్దగా వేస్తే పక్షి అద్దానికి అంటించిన స్టిక్కర్‌లా ఉంటుంది.

తెల్లకొంగ ఫోటోల్లో ఇంకో చిక్కు. మన ఎండకు తెలుపు కాలిపోయి ఈకల మడతలే మిగలవు. పొద్దున ఎనిమిదిలోపు తీసినవి ఏరుకోండి.

ఫోటోలో లేనిదాన్ని మనసు సొంతంగా నింపేస్తుందని నాకు రెండోసారి తెలిసింది కూడా ఆ గోడ దగ్గరే. రెక్క సరిచేశాక గూడబాతు పాదాలు బాతు పాదాల్లా వేశాను, మూడు వేళ్ల మధ్య పొర, వెనక వేలు ఒంటరి. నా దగ్గరున్న ఫోటోలన్నిట్లో పాదాలు నీళ్లలోనో, పొట్ట కిందో ఉన్నాయి. గూడబాతుకూ, నీటికాకికీ నాలుగు వేళ్లనూ కలిపి పొర ఉంటుంది. చిలకకు రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు. ఒకే పక్షివి కనీసం మూడు ఫోటోలు, పాదం తేటగా కనబడేది ఒకటి తప్పనిసరిగా, దగ్గర పెట్టుకోవడం అప్పట్నుంచి అలవాటైంది. ఇంకొకరి ఫోటోను యథాతథంగా బొమ్మగా మార్చి అమ్మాలంటే తీసినవాళ్లను అడగాలి, అది వేరే చెప్పాలా.

ఎగరడం వేయాలంటే ఫోటో కన్నా ఫోన్ స్లోమోషన్ మేలని నా అభిప్రాయం. కాకి సెకనుకు నాలుగైదుసార్లు రెక్కలాడిస్తుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ ఉంటే ఒక్కో ఆడింపుకు యాభై దాకా ఫ్రేములొస్తాయి. డాబా మీద వడియాలు ఆరబెట్టి కూర్చుంటే చాలు, మోడళ్లు వాటంతటవే వస్తాయి. ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చూడండి. రెక్క పైకి వెళ్లేటప్పుడు సగం ముడుచుకుని వెళ్తుంది, కిందికి వచ్చేటప్పుడే పూర్తిగా విప్పుకుంటుంది. వాలే ముందు క్షణం తోక విసనకర్రలా విప్పుకుంటుంది, కాళ్లు ముందుకు వస్తాయి. ఫోటో తీసేవాళ్లకు ఎక్కువగా నచ్చేది బారజాపిన ఫ్రేము. అందుకే గోడల మీదా, ఫ్లెక్సీల మీదా పక్షులన్నీ ఒకే పోజులో ఉంటాయి.

ఏఐ తయారుచేసిన పక్షి బొమ్మలను రెఫరెన్సుగా వాడొద్దు. ఈకల మెరుపుకి మోసపోతాం. వేళ్లు లెక్కపెట్టండి, రెక్క ఎక్కడ మడుస్తుందో వెతకండి, మీకే తెలుస్తుంది. త్రీడీ మోడళ్లు వాటికన్నా చాలా నయం. పక్షి తిన్నగా మనమీదికి వస్తున్నట్టో, పైనుంచి చూస్తున్నట్టో వేయాల్సి వస్తే తిప్పి చూసుకోవచ్చు, దానికి వేరే దారి లేదు. కాకపోతే ఉచితంగా దొరికేవి చాలావరకు ఆటల కోసం చేసినవి, రెక్కలు చెక్క పలకల్లా ఉంటాయి. కోడి రెక్క చూసిన కన్నుతో వాటిని వడపోసుకోవాలి.

టవర్ మీద కూర్చోవడం

జిల్లాల విభజనలో 2022లో నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాకింకా అది మన నెల్లూరు నేలపట్టే. చెన్నై వెళ్లే హైవేలో దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. అక్టోబర్ నుంచి మార్చి దాకా నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు గూళ్లు కడతాయి. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటే పక్షి కొమ్మ మీద వాలడానికి పడే అవస్థ చూస్తే, పక్షి బరువంటే ఏమిటో తెలుస్తుంది. ఏ ఫోటోలోనూ నాకు ఆ బరువు కనబడలేదు.

అంత దూరం ఎందుకంటే నెల్లూరు చెరువు గట్టు ఉంది, నాట్లప్పుడు ఏ మడి దగ్గరైనా తెల్లకొంగలున్నాయి. ఒంగోలు వైపు వాళ్లకు కొత్తపట్నం తీరముంది. బైనాక్యులర్స్ కొనేట్టయితే 8×42, అంటే ఎనిమిదింతలు చూపించేది, చాలు. పదింతలు చూపించేది చేతిలో వణుకుతుంది, ఒక చేత్తో గీస్తూ ఇంకో చేత్తో పట్టుకోవడం కష్టం.

బయట వేసే బొమ్మ ముప్పై సెకన్లది. ముక్కు, కాళ్లు తర్వాత. ముందు ఒంటి వాలు, మెడ వంపు, బరువు ఏ కాలి మీద ఉందో అదే. పేజీకి ఇరవై వేయండి, పద్దెనిమిది పాడైపోనీయండి. ఇక్కడే తెలిసే సంగతులు ఉన్నాయి. కొంగ ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటుంది. గూడబాతు కూడా తల వెనక్కి లాక్కుంటుంది. నత్తగుల్ల కొంగ, ఫ్లెమింగో మాత్రం మెడ ముందుకు చాపి, కాళ్లు వెనక్కి చాపి, కర్రలా వెళ్తాయి. పేరులో అన్నీ కొంగలే కాబట్టి ఒకటే అనుకుని తెల్లకొంగను మెడ చాపి ఎగరేసిన క్యాలెండర్లు మన ఊళ్లో ఇప్పటికీ దొరుకుతాయి.

టవర్ ఇవ్వనిది కీలు. పక్షి దూరం, గాలి, కదలిక. కోడి రెక్క చూడకుండా ముందే నేలపట్టు వెళ్తే మంచి పిక్నిక్ అవుతుంది. కోడి తర్వాత వెళ్తే, ఈకల కింద మోచేయి ఎక్కడుందో కన్ను దానంతటదే పట్టుకుంటుంది. అందుకే ఈ రెండింటిలో కోడికే నా మొదటి ఓటు. గూళ్ల కాలంలో గట్టిగా మాట్లాడొద్దు, దారి దాటి దగ్గరికి పోవద్దు.

అద్దాల పెట్టెలో పక్షి

ఈ పనితో నెల్లూరుకు పాత చుట్టరికం ఉంది. 1840ల్లో ఇక్కడ సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ దొర, దక్షిణాది పక్షుల మీద యాభై రంగు పటాలతో పుస్తకం వేశాడు, 1847కల్లా మద్రాసులో అది పూర్తయింది. పటాలు గీసింది ఎక్కువగా మన దేశపు చిత్రకారులే. అప్పట్లో రెఫరెన్స్ అంటే కొట్టి తెచ్చిన పక్షి, దూది కూరిన చర్మం. ఇంగ్లీషులో ఆయన పేరు మీదున్న (జెర్డన్స్ కోర్సర్) కలివి కోడి 1900 తర్వాత ఎవరి కంటా పడక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. మధ్యలో దాన్ని గీయాలనుకున్నవాళ్లకు పాత చర్మాలు, పాత పటాలే దిక్కు.

ఇప్పుడు మనకు దగ్గర్లో అలాంటివి చూడాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియం. పక్షుల గ్యాలరీలో ఒక పూట కూర్చోవచ్చు, శుక్రవారం సెలవు. కొలతకూ, ఒక ముక్కు పక్కన ఇంకో ముక్కు పెట్టి పోల్చుకోవడానికీ బాగుంటుంది. ముక్కు, కాళ్ల రంగులు మాత్రం నమ్మొద్దు. చర్మం ఎండితే ఆ రంగులు పోతాయి, మళ్లీ పెయింట్ వేస్తారు. మెడలో కూరింది ఎక్కువైతే కొంగ బాతవుతుంది.

గరుత్మంతుడికి ఎక్కడ అతకాలి

రెక్కలున్న దేవుళ్లు, మనుషులు, రాక్షసులు వేసేవాళ్లకు పైవన్నీ కావాలి, ఇంకో నిర్ణయం కూడా కావాలి. పక్షి రెక్క అంటే దాని చెయ్యే. చేతులూ ఉండి రెక్కలూ ఉండాలంటే రెండో జత భుజాలు ఎక్కడ పెట్టాలి?

జటాయువులా చేతులే రెక్కలైతే సులువు, పెద్ద గద్దను చూసి వేసుకోవచ్చు. గరుడుడికి చేతులు నమస్కారంలో ఉండాలి, రెక్కలు విప్పుకుని ఉండాలి. నెల్లూరు రంగనాయకుల గుడి బ్రహ్మోత్సవాల గరుడ వాహనాన్ని చూడండి, రెక్కలు భుజం వెనకనుంచి రెండు వైపులా చదునుగా ఉంటాయి. వీధిలో ఎదురుగా నిలబడి దండం పెట్టేవాళ్ల కోసం చేసిన శిల్పం అది, ఆ పనికి అంతే కావాలి. దాన్ని రెఫరెన్సుగా పెట్టుకుని పక్కనుంచి ఎగురుతున్న గరుడుణ్ణి వేయబోతే మాత్రం కుదరదు.

నేనైతే మనిషి వీపు ఫోటో ఒకటి తీసుకుని, భుజం రెక్క ఎముకల లోపలి అంచుకు కాస్త కింద రెండో జత కీళ్లు పెడతాను. ఛాతీని లోతుగా, ముందుకు పొడుచుకొచ్చినట్టు చేస్తాను. ఎగిరే పక్షుల్లో చాలావాటికి రొమ్ము కండలే ఒంటి బరువులో ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటాయి. మోడల్ ఛాతీ పల్చగా ఉంటే రెక్కలు అద్దెకు తెచ్చినట్టుంటాయి. మడిచినప్పుడు రెక్క కొస మడమల దాకా దిగాలి. రెక్క రూపానికి మైపాడు తీరంలో పడవలొచ్చే వేళ తిరిగే గరుడ గద్దను చూడండి. తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు, గుండ్రటి తోక. పక్కనే తిరిగే మామూలు గద్ద తోకకు మధ్యలో చీలిక ఉంటుంది. రెండూ కలిపేసిన గరుడులు బోలెడు చూశాను.

రాక్షసులకైతే గబ్బిలం. అక్కడ నాలుగు వేళ్లు గొడుగు కమ్మీల్లా పొరను సాగదీస్తాయి, బొటనవేలు విడిగా కొక్కెంలా ఉంటుంది. కమ్మీలన్నీ మణికట్టు నుంచే బయల్దేరాలి, మోచేయి నుంచి కాదు. సీతాకోకచిలుక రెక్కల అమ్మాయిలు వేసేవాళ్లకు ఈ తలనొప్పే లేదు. పురుగు రెక్కలో ఎముకా లేదు, మోచేయీ లేదు.

నెలకు ఒక్క ఆదివారమే దొరికేవాళ్లు పొద్దున కోడి రెక్క, సాయంత్రం చెరువు గట్టు పెట్టుకోండి. పుస్తకం రెండో నెల. త్రీడీ మోడల్ అవసరం పడ్డప్పుడు. కెమెరా, పెద్ద లెన్సు చివర్న, అది కూడా డబ్బులు మిగిలితేనే.